ఒట్టికాళ్ల లెక్క

మేడమ్‌కు నల్ల గ్రానైట్ మీద మనసు.
ఇంజినీరుకు ఇంటర్‌లాక్, దాంట్లో మిగులుబాటు.
సోహార్‌ల జులై, పగటి పదకొండు.
నాలుగు ముక్కలూ ఎండకు పరిచి
చెప్పులు విడిచిన.

నల్లదాని మీద ఒకటి అనేలోపే ఎగిరిన.
ఎర్ర ఇటుక మీద రెండు.
సిమెంటు పలక మీద పండ్లు బిగబట్టి
ఆరు దాకా పోయిన.
గరుకు తెల్లరాయి మీద నిలబడి
బీడీ ముట్టించుకున్న.

"ఈడ నడిచేది నువ్వు కాదు కదా" అన్నది మేడమ్.
నిజమే.

అప్పుడే పెద్దామె, మేడమ్ అత్త,
కర్ర పట్టుకొని దిగింది, ఒట్టికాళ్లతోని.
తెల్లరాయి మీద ఆగి
నిమ్మచెట్టు దిక్కు గడ్డం ఎత్తింది.

బాట అటే పరుస్తున్న.
ఆమె అడుగు చిన్నది.
రాయికీ రాయికీ నడుమ
రెండు వేళ్లు తగ్గించిన.
కాగితంల లేదది.
ఇంజినీరుకు చెప్పలే.