దీర్ఘం పోయిన చోట

గుణుపురంలో మా బడికి తెలుగు పుస్తకాలు
నౌపడా రైల్లో రావాలి.
రైలు మాత్రం రోజూ వస్తుంది.

అంచేత సాయంత్రం నాలుగున్నరకి,
గంట కొట్టేశాక,
డాబా మెట్ల మీద కూచుంటాను.
సిగ్నలు అక్కడే దొరుకుతుంది,
నీళ్ల ట్యాంకు నీడకి అరగజం ఎడమగా.

అద్దం పగిలిన ఫోను.
అందులో, ఎవరో పుణ్యాత్ములు
పేజీ పేజీ ఫొటో తీసి దాచిన పాత పుస్తకాలు.
ఒక పేజీలో ఆ తీసినాయన బొటనవేలు కూడా పడింది,
సరిగ్గా రాజు చచ్చిపోయే చోట.
వేలి కింద ఏముందో ఎవరికి తెలుసు?
పిల్లలకి చదివేటప్పుడు నేనే కల్పిస్తాను.
ఇప్పటికి నాలుగుసార్లు బతికించాను రాజుని.

సస్మిత మా బడి పిల్ల కాదు.
ఒడియా మీడియం, ఎనిమిదో తరగతి.
నోటినిండా తెలుగే,
కంటికి మాత్రం మన అక్షరం ఒక్కటీ ఆనదు.
"మా అచ్చరాలకి గొడుగులుంటాయి సార్,
మీవి వానలో తడుస్తున్నట్టుంటాయి" అంది.
మామ్మకి కథ చదివి వినిపించాలట.

వెతగ్గా వెతగ్గా దొరికింది ఒక పనిముట్టు.
ఇటు తెలుగు అతికిస్తే
అటు ఒడియా లిపిలో పడుతుంది.
మాట అదే, చొక్కా మారుతుంది.
డబ్బడగదు, పేరడగదు,
ఏ రాష్ట్రం అని అసలే అడగదు.
పండా గారి జిరాక్సు కొట్లో పేజీకి రెండు రూపాయలు.
నాలుగు పేజీల కథ.

దాలమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది.
సస్మిత గొంతు సవరించుకుంది:
"రాజుగారు మెడ ఎక్కి చూస్తే
నెల అంతా పచ్చగా ఉంది."

దాలమ్మ చెయ్యి ఆగింది.
"ఎవులి మెడే? మంత్రిదా?"

అప్పుడు వెలిగింది నాకు.
ఒడియాలో ఎ-కీ ఏ-కీ ఒకటే గుర్తు,
ఒ-కీ ఓ-కీ అంతే.
వాళ్లకి ఆ తేడాతో ఎన్నడూ పని పడలేదు.
మనకేమో ఆ కాస్త సాగుడు మీదే
మేడలూ కోనలూ నిలబడి ఉన్నాయి.
ముప్ఫై ఏళ్లుగా దీర్ఘం మరిచిన పిల్లల చేత
పదేసిసార్లు రాయించినవాణ్ణి,
అది ఇంత బరువు మోస్తోందని అనుకోలేదు.

పోనీ అని ఫోను చేతే చదివించాను.
అదీ ఒక పనిముట్టే, ఆడగొంతు, తప్పు పోదు.
రాజు గెలిచినా అదే ఎత్తు,
రాజు ఏడిచినా అదే ఎత్తు.
దాలమ్మ రెండు వాక్యాలు విని
"ఈయమ్మ రైలు టేసన్లో పన్జేసిందేటి?
ఆపెయ్, పిల్లే సదువుతాది" అంది.

ఇక అలాగే కుదిరింది.
సస్మిత చదవడం, మామ్మ మొహం చిట్లించడం,
చిట్లించిన చోట మాట సాగదీసి చూడడం,
"ఆఁ" అంటే
ఆ గొడుగు మీద పెన్సిలుతో చిన్న తోక.
సంతకం రాని మనిషి
నాలుగు పేజీలు దిద్దింది, చింతపండు చేతుల్తోనే.

మూడో పేజీలో రాజు యుద్ధంలో ఓడి
అర్ధరాత్రి అమ్మ దగ్గరికి వస్తాడు.
పిల్ల చదివింది:
"రాజు ఒడి, ఇంటికొచ్చాడు."
సరిదిద్దబోయి నోరు తెరిచాను.
దాలమ్మ చెయ్యడ్డం పెట్టింది.
"ఓడినోడు ఒడిలోకి కాక
ఇంకెక్కడికొత్తాడు బాబూ? సదువే."

రాత్రి ఆ కాగితాలు ఫొటో తీశాను,
ఇచ్ఛాపురంలోనో జయపురంలోనో
ఇంకో సస్మిత ఉంటే పనికొస్తాయని.
మెడకి తోకుంది, నెలకి తోకుంది,
పిక్క అంటుకున్న మరకొకటి ఉంది.
మూడో పేజీలో ఆ ఒక్క మాట మీద
పెన్సిలు పెట్టి, చెరిపేసిన గుర్తు.