రాత్రిపూట గోలీ

ఆ మాట అడగడానికి అతను
మూడు శుక్రవారాలు వచ్చాడు.
మొదటివారం గ్యాస్ అన్నాడు.
రెండోవారం పిక్కలు లాగుతున్నాయన్నాడు.
ఇవాళ చెయ్యి చాపి, సూది గుచ్చేటప్పుడు
మొహం గోడవైపు తిప్పుకొని:
"అక్కా, గా కొవ్వు గోలీ
మొగతనం తింటదా?"

ఫర్వానియా, రెండో అంతస్తు ల్యాబు.
ఏసీ చలికి నేను స్వెట్టర్లో.
మెట్‌పల్లి రాజలింగం, ట్రైలర్ డ్రైవరు,
బనియన్‌లోనే చెమటలు.

కొవ్వంటే పొట్ట మీద వేలాడేదొకటే కాదప్పా, అన్నాను.
నీ మీసం, నీ గొంతులో బొంగురు,
మొన్నటిదాకా నాకు నెలనెలా వచ్చిపోయిన నెత్తురు
అన్నీ ఆ ముద్దలోంచి పిసికినవే.
గోలీ పోయి కాలేయం ముందర
రేషన్ డీలరులా కూచుంటుంది,
తూకం కాస్త తక్కువేస్తుంది.
ఒంటికి దొడ్డిదారులు తెలుసులే,
చాలామందిలో ఎట్లో సర్దుకుంటుంది.

కాయితం తిప్పి చూపించాను.
అంకె కొంచెం దిగింది. గీత దాటలేదు.

"మరి ఫోన్ల ఆమె నవ్వితే
నాకేం గాదేందుకు?"

ఇంటికి పోయి ఎన్నాళ్లయింది?
ఇరవై రెండు నెలలు.
నిద్ర?
సాల్మీ రోడ్డు మీద తెల్లారుతుందట అతనికి.
పైన బంకులో పడుకునే పిల్లోడికి
రాత్రంతా దగ్గు.
ఇవి రాయడానికి మా ఫారంలో గడి లేదు.

నేనూ వేసుకుంటాను ఆ గోలీనే,
అతనికి చెప్పలేదు.
పదారేళ్లప్పటి నుంచీ నా గడ్డం కింద మూడు వెంట్రుకలు,
రాజంపేటలో పెళ్లిచూపులకు ముందు మా పిన్ని
దారంతో పీకిన మూడు.
ఇప్పుడు రెండే.
గోలీ పుణ్యమో, నలభై తొమ్మిదేళ్ల పుణ్యమో.
అతన్ని భయపెట్టిన తగ్గుదలే
నా అద్దంలో ఒక వెంట్రుకంత హాయి.
మళ్లీ నడిరాత్రి ఒళ్లు భగ్గుమంటుంది,
దుప్పటి తన్నేసి లెక్కలేసుకుంటాను.
నా రక్తం నేను తీసుకోలేను,
మారివిక్ తీస్తుంది, అదీ తల తిప్పుకోమంటుంది.

"బంద్ చెయ్యాల్నా?"
వద్దు. డాక్టరును అడక్కుండా ఆపొద్దు.
మీ అన్న గుండె సంగతి నువ్వే చెప్పావు గదా.

కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి
సివిల్ ఐడీ కవర్లో దోపుకున్నాడు.
తలుపు దగ్గర ఆగాడు.
"ఇంటామెకు ఏం చెప్పాలక్కా?"

ప్రింటరు తర్వాతి మనిషి పేరు కక్కింది.
చీటీ చేతిలోకి తీసుకొని,
పిలవకుండా
కాసేపు అట్లే కూచున్నాను.