నలభై రెండో నెంబరు

గుంతకల్లు డివిజన్ ఆఫీసు, వెనక గది.
ఏసీ చలికి శాలువా కప్పుకున్న ఆపరేటర్లం ఇద్దరం:
రిటైర్మెంటుకి పదకొండు రోజులున్న కుళ్ళాయప్ప సారు,
చేరి పదకొండు వారాలైన నేను.

బయట గూడ్సు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటే
బల్లమీద టీ గ్లాసు సన్నగా వణికేది.
లోపల పచ్చ అక్షరాలు
చీమల బారులా పైకి పాకిపోతుండేవి.
ఈ పని మొదలైంది, ఆ పని అయిపోయింది,
టేపు తిరిగింది, టేపు ఆగింది...
చెప్పేవన్నీ చెప్పి వెళ్ళిపోతాయి.
అడిగేవి మాత్రం పోవు.

"చెప్పేదాన్ని చదువుకో. అడిగేదాన్ని ఎతుక్కో మే షమీమూ"
అని రెండు వేళ్ళతో కొట్టేవాడు సారు:
డి, ఆర్, కామా, ఎల్.
ఎంటర్.
అప్పుడు మిషను దాచుకున్న ప్రశ్నలన్నీ
కొంగుముడి విప్పినట్టు ముందు పోసేది.
ఎడమ అంచున చుక్క, పక్కన నెంబరు.

ముప్పై తొమ్మిది: టేపు ఎక్కించమంటోంది.
నలభై ఒకటి: ప్రింటరు సిద్ధమేనా అంటోంది.
నలభై రెండు:
కుటుంబ పింఛను బకాయిల్లో ఒక పేరుకి రుజువు లేదు.
వదిలేసి సాగనా, మళ్ళీ చూడనా, ఆపేయనా?

టేపు ఎక్కించాను. ప్రింటరుకి సరే అన్నాను.
నలభై రెండు మీదికి వేలు పోతుంటే
సారు నా చెయ్యి పట్టుకోలేదు గానీ
టీ గ్లాసు తెచ్చి కీబోర్డు మీద పెట్టినంత పని చేశాడు.
"దాన్ని ఉండనీ."

లాగ్ బుక్కులో ఆయన గుండ్రటి రాత:
నలభై రెండుకు ఎవరూ జవాబు ఇయ్యగూడదు.
ఉలిగమ్మ, కీ.శే. మద్దిలేటి భార్య,
గేట్‌మన్, తుగ్గలి సెక్షన్. వేలిముద్ర రావాల.

వదిలేసి సాగమంటే
ఆమె లేకుండానే లెక్క ముగుస్తుంది,
మళ్ళీ మూడు నెలలకి గాని వంతు రాదు.
ఆపేయమంటే అందరిదీ మొదటికొస్తుంది.
ఏమీ అనకపోతే?
"అడుగుతానే ఉంటాది. దానికేం ఇసుగు లేదు,
మనకే ఉండేది. శుక్రవారం దాకా గడువుంది."

సికింద్రాబాదు నుంచి ఫోను:
ఏమయ్యా, మీ కన్సోలు మీద ఒకటి వేలాడుతోంది,
తీసేయండి.
"చూస్తాండాం సార్" అనేవాడు కుళ్ళాయప్ప,
నిజంగానే దాన్నే చూస్తూ.

ఉలిగమ్మ ఇంట్లో లేదు.
తొలకరి పడింది. జొన్నగిరి చేలల్లో
వజ్రాలు తేలతాయని
ఊళ్ళకు ఊళ్ళు వంగి నడుస్తున్నాయి.
ట్రాలీమన్ బందెనవాజు
కాగితం, సిరాదిమ్మె సంచిలో వేసుకుని
ప్రతి వంగిన వీపు ముందూ ఆగి అడిగాడట:
మద్దిలేటి భార్యవా? మద్దిలేటి భార్యవా?
ఒక్కరూ తల ఎత్తలేదట.
ఎత్తిన గడియలో రాయి ఇంకొకరిదైపోతే?

మంగళవారం పోయింది. బుధవారం.
డ్యూటీకి రాగానే, చెప్పులు విప్పక ముందే,
డి, ఆర్, కామా, ఎల్.
జ్వరం బిడ్డ నుదురు తాకినట్టు.
ఉందా? ఉంది.

గురువారం అర్ధరాత్రి దాటాక బందెనవాజు వచ్చాడు,
పిక్కల దాకా ఎర్రమట్టి.
కాగితం మీద వేలిముద్రలోనూ మట్టే,
ఏది సిరానో ఏది నేలో తెలియలేదు.
వజ్రం ఏమన్నా దొరికిందంటనా అని అడిగాను.
"సద్దిలో సగం నాకు పెట్టింది" అన్నాడు.

సారు వివరాలు ఎక్కించాడు.
జవాబు నన్ను కొట్టమన్నాడు.
ఆర్, నలభై రెండు, కామా,
మళ్ళీ చూడు.

కాసేపు ఏమీ లేదు.
తర్వాత టేపు కదిలింది.

అలవాటు కొద్దీ మళ్ళీ అడిగాను, ఏమేం ఆగి ఉన్నాయని.
జవాబు కోసం ఏవీ లేవంది.
సారు అద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ
"ఇంత ఖాళీగా చూస్తే ఏందో దిగులు మే" అన్నాడు.

అంతలోనే నలభై మూడు.
ప్రింటరులో కాగితం అయిపోయిందట.
ఉలిగమ్మకి రెండు పేర్ల ఇవతల ఆగింది.
నేను కొత్త కట్ట కోసం లేచాను.