ఖాళీ గడి

కళింగపట్నంలో బుట్టలు లెక్కెట్టేవాళ్ళు
ఒకటి అనరు, లాభం అంటారు.
నా ఫారం సున్నా అంటుంది.

సున్నా, సూరాడ ధర్మయ్య
ఒకటి, గనగళ్ల పోలయ్య
రెండు, మైలపల్లి లచ్చన్న
ఇంకా ఇద్దరు. ఒక పడవ.

లచ్చన్నకి మోకాలు. ఈ ఏడు వేటకి రాడు.
కొట్టీమన్నారు, కొట్టేశాను.
సేవ్ నొక్కితే
పడవలో ఇద్దరే.

"మేమేటైపోనాం బాబూ?"
కోదండు చొక్కాకి ఇంకా ఉప్పు తడి.

మోడల్‌ది తప్పనలేను.
వరస పట్టుకుని వస్తుంది,
ఖాళీ తగిలితే
అవతల మనుషుల్లేరనుకుంటుంది.

రాత్రి ఒంటిగంటకి
ప్రతి పేరు పక్కనా కనబడని గడొకటి పెట్టి
ఎవరి గుర్తు వాళ్ళకి కట్టాను.
ఇక నడిమిన ఎవరు దిగినా
వెనకవాళ్ళు మునగరు.

పొద్దున్నే లచ్చన్న, కర్ర పట్టుకుని:
"నా సోటుంచినావా?"

స్క్రీను అటు తిప్పలేదు.