ఉప్పు లెక్క

అల్వరాదోలో, నది సముద్రంలో పడే చోట,
దోమల శాఖలో నా మొదటి ఉద్యోగం.
ఇంటింటికీ తిరగాలి,
తొట్లూ పీపాలూ పాత టైర్లూ వంగి చూడాలి.
మందు వద్దన్నవాళ్లకి
పాలిథిన్ సంచిలో అయిదు మోలీ చేపలిచ్చి
సంతకం పుచ్చుకోవాలి.

దోన్యా క్రిసాంతా సంతకం పెట్టలేదు.
సంచిని ఎండకెత్తి, కన్ను చికిలించి,
"మూడు ఆడవి, రెండు మగవి.
ఈమెకి నెలలు నిండాయి" అంది.

బొగ్గులాంటి నల్ల చేప.
కడుపు మీద మచ్చ కనపడే వీలే లేదు.
ఎలా తెలిసిందన్నాను.
"పక్కనించి కాదు, ఎదురుగా చూడు.
గుండ్రంగా ఉంటే ఇంకా టైముంది.
నలుచదరమైందంటే నీళ్లు కాచుకోవాలి.
నలభై ఏళ్లు మంత్రసానిని, దోమలబ్బాయీ."

పెరట్లో నీలం ప్లాస్టిక్ పీపా,
రేకుల మీది వాన నేరుగా అందులోకి.
గుడ్డు లేదు, పొదగడం లేదు:
మడిచిన ఉత్తరంలా జారిపడుతుంది పిల్ల,
మునుగుతుంది, మడత విప్పుకుంటుంది,
ఎవరూ చెప్పకుండానే పైకి ఈదుతుంది.
తల్లి వెనక్కి తిరిగి
ఒకదాన్ని మింగేసింది.
నేను మొహం తిప్పుకున్నాను.
ఆమె మాత్రం గుప్పెడు నాచు తెచ్చి నీళ్లమీద పరిచింది.
"ఆకలిగొన్న బాలింతని తిట్టకు.
బిడ్డకి చాటు కట్టు."

డిసెంబరులో ఉత్తరపు గాలి.
మూడు రోజులు పడవలు కదల్లేదు,
అరటాకులు పీలికలయ్యాయి.
నేను వెళ్లేసరికి పీపాలో చేపలన్నీ
ఉన్నచోటనే ఉండి వణుకుతున్నాయి,
ఎక్కడికీ వెళ్లని ఈత అది,
ఒళ్లంతా కొట్టుకుంటూ.
శాఖ వాళ్ల పద్ధతి ప్రకారం
పారబోసి కొత్త సంచి ఇస్తానన్నాను.

"చలి ఒకటి. రెండోది, చప్పిడి నీళ్లు.
సగం ఉప్పు, సగం తీపి తాగి పెరిగిన జాతి ఇది,
మీరు తెచ్చి వాననీళ్లలో పడేశారు.
పత్యం తప్పింది, అంతే."
మడుగులో ఏరిన ఆల్చిప్పలు అడుగున పేర్చింది.
రాళ్లుప్పు చెంబులో కరిగించి
పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం.
పీపాకి తన ఉన్ని శాలువా చుట్టింది.
చెంబు వంచుతుంటే ఆమె చెయ్యి వణికింది.
నేను చూశానని చూసింది.
"ఇది ఉప్పుకి లొంగేది కాదులే."

నాలుగో రోజుకి ఒకటి కదిలింది, లార్వా వెంట.
మగవి రెండూ దక్కలేదు.

ఫిబ్రవరిలో పిల్లలు.
మార్చిలో మళ్లీ.
మగదే లేదు కదా, ఎలాగన్నాను,
పుస్తకంలో ఉందో లేదో తెలియక.
ఆమె పళ్లులేని నోటితో నవ్వి,
కాసేపు నవ్వు ఆపి,
"దాచుకుంటుంది" అంది.
"నెలల తరబడి, లోపల.
ఓబ్దులియా మొగుణ్ణి సముద్రం తీసుకెళ్లిన ఏడు నెలలకి
నేను ఆ బిడ్డని పట్టాను.
ఊరంతా వేళ్లు మడిచి లెక్కలు కట్టింది.
నేను మాత్రం వాడి చెవులు చూశాను,
తండ్రివే, దొప్పల్లా."
ఆగి, పీపాలోకి చూస్తూ,
"మంత్రసానితనం ఒప్పుకున్నాక
ఏది వచ్చినా పట్టాల్సిందే కదా.
లెక్కలు మాత్రం మన పని కాదు."

నా ఫారంలో ఆ వీధికి ఒక్కటే గడి:
లార్వా ఉన్నది, లేదు.
లేదు అని రాసి ఇచ్చాను.
ఈసారి సంతకం పెట్టింది,
వంకరటింకరగా,
'చేపల ఆరోగ్యం' అనే గడి ఎక్కడా లేకపోతే
తానే అంచున ఒక గీత గీసి
దాని కింద.

వెళ్తుంటే డబ్బా చేతికిచ్చింది,
గింజలంత పిల్లలు, ముప్పై దాకా.
"మూల ఇంటివాళ్లకివ్వు. ఉప్పు మర్చిపోవద్దని చెప్పు.
ఎంత అని అడుగుతారు.
కన్నీళ్లకంటే తక్కువ, చెమటకంటే తక్కువ,
నాలిక్కి తెలిసీ తెలియనంత.
రాసుకో."
రాసుకున్నాను.