ఎడమ మూల మచ్చ

పూర్ణా మార్కెట్ వెనక పాత పేపర్ల కొట్లో
తూకానికొచ్చిన ఫొటో ఇది.
అట్ట వెనక వెలిసిన సిరాతో, ఇంగ్లీషులో,
'విశాఖపట్నం. సూర్యుణ్ణి కొలుస్తున్న స్త్రీలు' అని.
సంవత్సరం ఉండాల్సిన చోట చెదలు.

ఇసకలో పన్నెండుమంది.
పదకొండు చేతులు కనుబొమల మీద,
పదకొండు మొహాలు ఒకే వైపు, పైకి.
వెనక డాల్ఫిన్ కొండ.
దాని నెత్తిన ఇప్పటి లైట్‌హౌస్ ఇంకా లేదు.

ముప్పయ్యేళ్లు జగదాంబ దగ్గర స్టూడియోలో
పెళ్లికూతుళ్ల మొటిమలూ తాతల మీసాల్లో గీతలూ
దిద్దిన చెయ్యి నాది.
పై మూల తెల్లటి మచ్చ కనపడితే
రసాయనం తుంపర అనుకున్నాను.
సన్నకుంచె, బూడిదరంగు, రెండు చుక్కలు.
ఆకాశం శుభ్రం.

తర్వాత నీడల లెక్క.
కింది అంచున టోపీ, మూడుకాళ్ల స్టాండు.
ఫొటో తీసినవాడి నీడ వాళ్ల పాదాల దాకా సాగింది.
అంటే సూర్యుడు వాడి వీపు మీదున్నాడు,
వీళ్లేమో దక్షిణానికి చూస్తున్నారు.
గ్రహణమా? విమానమా?
విమానమైతే పరిగెత్తాలి.
గాలిపటమైతే ఒక్కరైనా నవ్వాలి.

పెదజాలారిపేటలో మైలపల్లి కొర్లమ్మ
వలకుప్ప మీద కూచునే ఫొటో అందుకుంది.
మొహాలు చూడలేదు. కాళ్ల దగ్గర చూసింది.
"సూరీడికి దండమెట్టడానికి గంపలెందుకు బాబూ?"

నెల రోజులు భూతద్దంలో
వాటిని రాళ్లనుకున్నాను.

"తాటిసెట్టు మీద ఒకడుంటాడు.
కవళ్ల గుంపు నీటి మీద నల్లగా ఆడికే అవుపడతాది.
గుడ్డ ఊపుతాడు.
ఇటూపితే తెప్పలిటు, అటూపితే అటు.
ఏడీ, ఆడేడీ?"

నేను నోరెత్తలేదు.

పన్నెండోది చిన్నపిల్ల, గంప లేదు.
పైకి కాదు, మనవైపే చూస్తోంది.
"దీనికి కవళ్లక్కర్నేదు, దొర డబ్బా కావాల" అని నవ్వి
ఫొటో తిరగేసి, మళ్లీ తిప్పి,
బొటనవేలితో ఆ పిల్ల మొహం తుడిచి
ఇచ్చేసింది.
ఎవరని అడిగితే
వల చిక్కు తీసుకుంటూ ఉండిపోయింది.

ఆ రాత్రి తడి దూదితో
నా రెండు చుక్కలూ కడిగాను.
ముందు బూడిద నీళ్లు, తర్వాత తెలుపు.
చెట్టు ఫొటోకి బయటే ఉంది.
లోపలికొచ్చింది గుడ్డ ఒక్కటే,
దాన్ని పట్టుకుని
బియ్యపుగింజంత చెయ్యి.

ఎటు ఊపుతున్నాడో తెలీదు.