రెండోది

రెండోదాన్ని కొనుక్కు రమ్మని
రెండోవాణ్ణి పంపింది ఎతేరి.

తెల్లారకముందే కుటాయిసిలో వ్యానెక్కాను.
లోపలి జేబులో మూడు పెళ్ళిళ్ళ బయానా,
ఒళ్ళో ఖాళీ సంచీ.
సురామి దాటుతుంటే
తీపిరొట్టెలమ్మే ఆడవాళ్ళు రోడ్డు మీదికి వంగి చేతులూపారు.
ఆగలేదు డ్రైవరు. నాకూ ఆకలి లేదు.

పోయిన శనివారం
గుడిలో పాదిరి రెండు కిరీటాలూ పైకెత్తాడు.
సరిగ్గా అప్పుడు
ఎతేరి కెమెరా రెప్ప సగం వాల్చి
అక్కడే ఆగిపోయింది.
వెనక్కి చూడకుండా చెయ్యి చాపిందామె.
సంచీలోని పాతదాన్ని ఆ చేతిలో పెట్టాను.
వేరే కంపెనీది, ఎవరో వదిలేసి వెళ్ళింది,
ఇన్నాళ్ళూ మాకది ఆటలో అరటిపండు.
మీట ఉండాల్సిన చోట లేదు.
ఆమె బొటనవేలు చీకట్లో గోడ తడిమినట్టు తడిమింది.
ఎంతసేపని? కొవ్వొత్తి ఒక్క చుక్క కార్చేంతసేపు.

ఆల్బమ్‌లో ఇప్పుడు కిరీటాలు తలల మీదే ఉన్నాయి.
దిగుతూ ఎక్కడా లేవు.
పెళ్ళికూతురి మేనత్త రోజూ ఫోన్ చేస్తోంది.

త్బిలిసిలో, నడిదారి కిందున్న సొరంగంలో
ఒతార్ కొట్టు.
పచ్చ గుడ్డ పరిచి మూడింటిని పెట్టాడు.

మొదటిది కొత్తది, పిచ్చుకంత తేలిక,
ధర చూస్తే నవ్వొచ్చింది.
కార్డు పెట్టే గది మాత్రం ఒక్కటే.
ఒక్క కార్డుని నమ్ముకుని
ఒకళ్ళ పెళ్ళి మొత్తం మొయ్యలేను, వద్దన్నాను.

రెండోది మా దానికంటే గొప్పది.
చీకట్లో నల్లపిల్లిని కూడా పట్టుకుంటుందట.
కొంటే దాని బ్యాటరీలు వేరు, ఛార్జరు వేరు, రంగులు వేరు,
పైగా మొదటిదే రెండోదై కూచుంటుంది.
ఇంట్లో పెద్దరికం కోసం కొట్లాట.
అదీ వద్దు.

మూడోది అచ్చం ఎతేరిదే.
అంచుల దగ్గర నలుపు చెరిగి బూడిదరంగు తేలింది,
పట్టు దగ్గర రబ్బరు ఊడితే ఎవరో జిగురుతో అంటించారు.
"లక్షా నలభై వేల క్లిక్కులు," అన్నాడు ఒతార్
పెళ్ళిచూపుల్లో వయసు చెప్పే పెద్దమనిషిలా, కొంచెం తగ్గించి.

కళ్ళు మూసుకుని చేతిలోకి తీసుకున్నాను.
"కళ్ళు మూసుకుని కెమెరా కొనేవాణ్ణి నిన్నే చూశాను,"
ఒతార్ నవ్వాడు.
నా కళ్ళతో పనేముందిక్కడ?
ఆమె బొటనవేలిని అరువు తెచ్చుకున్నాను.
అది వెతకలేదు,
తిన్నగా వెళ్ళి మీట మీద కూచుంది.

తిప్పి చూస్తే అడుగున
ఎర్రటి గోళ్ళరంగుతో రాసిన అంకె: 2.
ఇదీ ఎవరిదో రెండోదే.
రెండోదై ఉండీ
లక్షా నలభై వేలు.

ఆరేళ్ళుగా ఆమె వెనక నిలబడ్డాను.
దీపాలు మోశాను, గొడుగులు పట్టాను.
నా కెమెరాతో నేనూ కొన్ని తీశాను.
తలుపు చాటున తాత ఏడుస్తున్న ఆ బొమ్మ,
అందరూ ఆగి చూసేది,
అది నాది.
రశీదు మీద ఎప్పుడూ ఒక్క పేరే.
బాధని చెప్పను.
లెక్క తెలిసినవాణ్ణి, అంతే.

బేరమాడాను. ఒతార్ రెండు బ్యాటరీలు కలిపిచ్చాడు,
ఒకటి కొద్దిగా ఉబ్బింది, అది తిరిగిచ్చేశాను.

రాత్రి వంటగదిలో
వాల్‌నట్ తొక్కలు పక్కకి నెట్టి
రెంటినీ బల్ల మీద పెట్టింది ఎతేరి.
రబ్బరు నొక్కి చూసింది, అద్దం మీద ఊది చూసింది,
అంకె చూసి ఊరుకుంది.
ఇక గడియారాలు కలపాలి,
లేకపోతే ముద్దు ముందూ ఉంగరం తర్వాతా
వచ్చేస్తాయి వరసలో.

"నువ్వు తెచ్చింది రెండు నిమిషాలు ముందుంది," అంది,
వెనక్కి తిప్పబోయింది.

నేను రేడియో పెట్టాను.
తొమ్మిది గంటల వార్తలకి
టింగ్ టింగ్ మని కొట్టారు.

కొత్తదాంట్లో తొమ్మిది.
ఆమెదాంట్లో ఇంకా
ఎనిమిదీ యాభై ఎనిమిది.

ఏమీ అనలేదు ఎతేరి.
కళ్ళజోడు పైకి నెట్టుకుని
తనదాన్ని సరిచేసుకుంది.